హెచ్‌డీ 650కి ఓటీఎల్ ట్యూబ్ యాంప్ మంచిదా, హైబ్రిడ్ మంచిదా?

చెన్నైలో ఉంటూ సెన్‌హైజర్ హెచ్‌డీ 650 హెడ్‌ఫోన్‌కీ, ఇంకో 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కీ కలిపి ఒకే ట్యూబ్ యాంప్ కావాలన్నారు కదా. అలాగైతే హైబ్రిడ్, అంటే ట్యూబూ ట్రాన్సిస్టర్లూ కలిసినది తీసుకోండి. 650 ఒక్కదానికే అయితే డార్క్‌వాయిస్ 336ఎస్‌ఈ లాంటి ఓటీఎల్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు. ఇక్కడ చూడాల్సింది ట్యూబ్ పేరు కాదండీ, యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే హెడ్‌ఫోన్‌కి వెళ్లే దారిలో యాంప్ వైపున ఉండే నిరోధం.

ఓటీఎల్‌లో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 6080 లేదా 6ఏఎస్7 ట్యూబే హెడ్‌ఫోన్‌ని నడపాలి. బాటిల్‌హెడ్ క్రాక్ కిట్‌లో ఈ ఇంపీడెన్స్ దాదాపు 120 ఓమ్‌లు. దానికి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే వోల్టేజీలో ఐదో వంతే చేరుతుంది. వాల్యూమ్ పెంచితే శబ్దం చెదురుతుంది. 650 సంగతి వేరు. దాని మీద 300 ఓమ్‌లు అని రాసినా బేస్‌లో, 80-100 హెర్ట్జ్ దగ్గర, 500 ఓమ్‌ల దాకా వెళ్తుంది. ఓమ్‌లు ఎక్కువున్న చోట హెడ్‌ఫోన్‌కి వోల్టేజీ వాటా ఎక్కువ కాబట్టి, లెక్క కడితే అక్కడ సుమారు 1 డెసిబెల్ పెరుగుతుంది. మృదంగం తొప్పి నిండుగా మోగేది చాలావరకు దీనివల్లే. నాకైతే ఆ నిండుతనం చాలా ఇష్టం.

హైబ్రిడ్‌లో ట్యూబ్ వోల్టేజీ పెంచుతుంది, కరెంటు ట్రాన్సిస్టర్లు ఇస్తాయి. షీట్ (Schiit) కంపెనీ వాలి ఈ రకమే. ప్లేనార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్లకీ సరిపోతుంది, కానీ ధ్వనికి ట్యూబ్ అద్దే రంగు తక్కువ. శుభ్రమైన ధ్వనే కావాలంటే జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ లాంటి ట్రాన్సిస్టర్ యాంప్ చాలు.

రెండు యాంప్‌లని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమం చేయకపోతే గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది. హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, జాక్‌ని రెండుగా చీల్చే స్ప్లిటర్ దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులు కొలవండి. తేడా 1 శాతం లోపు ఉండాలి. రిచీ స్ట్రీట్‌లో దొరికే చవక మల్టీమీటర్లు చాలావాటిని 1,000 హెర్ట్జ్ దగ్గర నమ్మలేం, అందుకే 400.

కొనేముందు 230 వోల్టుల మోడలేనా అని అడగండి. అమెరికా నుంచి తెప్పించేవి 115 వోల్టులవి కావచ్చు. 6ఎన్3పీ, 6922 ట్యూబులు రెండూ తొమ్మిది పిన్నులవే, కానీ హీటర్ పిన్నులు వేరు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టకండి. 6080 హీటరే దాదాపు 16 వాట్లు లాగుతుంది, కాబట్టి పైన గాలాడాలి. ఓటీఎల్ ఆన్ చేశాక నిమిషం ఆగి హెడ్‌ఫోన్ తగిలించండి. కరెంటు పోగానే తీసేయండి, లేకపోతే తిరిగి రాగానే దబ్బుమంటుంది. గుయ్యిమంటుంటే ట్యూబ్ మార్చే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి.