పశువుల పరాన్నజీవులపై పరిశోధన: బీవీఎస్సీయా, జువాలజీయా?

ప్రశ్న: మా అమ్మాయి గాజువాకలో ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. గొర్రెలు, పశువుల్లో వచ్చే నట్టలు (కడుపులోని పురుగులు), జలగలు (కాలేయంలో చేరే ఫ్లూక్ పురుగులు), పిడుదుల మీద పరిశోధన చేస్తానంటోంది. బీవీఎస్సీలో (పశువైద్య డిగ్రీలో) చేర్చాలా, డిగ్రీ అయ్యాక ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ చదివిస్తే చాలా? – ఒక తల్లి

జవాబు: సీటు వస్తే బీవీఎస్సీకే పంపండమ్మా. జువాలజీ చదివినా పరాన్నజీవుల మీద పీహెచ్‌డీ చేయొచ్చు. కానీ పశువుకి వైద్యం చేసే హక్కు 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన పశువైద్యులదే. ఈ రంగంలో ప్రశ్నలన్నీ మంద దగ్గరే పుడతాయి. తన చేత్తో మందు వేసి ఫలితం చూడలేకపోతే ప్రతి ప్రయోగానికీ ఇంకొకరి మీద ఆధారపడాలి.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి బీవీఎస్సీ అయిదున్నరేళ్లు. మీకు దగ్గరి కాలేజీ విజయనగరం జిల్లా గరివిడిలో ఉంది. ఆలిండియా కోటా 15 శాతం సీట్లకు నీట్ ర్యాంకు చూస్తారు. రాష్ట్ర సీట్లకు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆ ఏడు ఇచ్చే నోటిఫికేషనే ప్రమాణం. ఆపైన పారాసైటాలజీలో (పరాన్నజీవుల శాస్త్రంలో) ఎంవీఎస్సీ అనే పీజీ రెండేళ్లు, తర్వాత పీహెచ్‌డీ. మొత్తం పదేళ్లు దాటుతుంది, దానికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి.

పని ఎలా ఉంటుందో ఆమెకి ముందే తెలియడం మంచిది. గొర్రెల మందలో నట్టల మందు పనిచేస్తోందో లేదో తేల్చాలనుకోండి. పది పదిహేను గొర్రెల నుంచి గ్లవ్స్ వేసుకుని పెంటికలు నేరుగా మలద్వారం నుంచే తీయాలి. నేల మీదవి తీస్తే మట్టిలోని పురుగులు కలుస్తాయి. 4 గ్రాములు తూచి, ఇక కరగనంతగా ఉప్పు కలిపిన 56 మిల్లీలీటర్ల నీళ్లలో మెదిపి, వడగట్టి, గుడ్లు లెక్కపెట్టడానికి గళ్లు గీసిన మెక్‌మాస్టర్ స్లైడు రెండు గదులూ నింపుతారు. పైకి తేలిన నట్టల గుడ్లను మైక్రోస్కోప్‌లో లెక్కపెట్టి 50తో గుణిస్తే గ్రాముకెన్నో వస్తుంది. ఆల్బెండజోల్ లాంటి మందు వేసిన 14వ రోజున మళ్లీ అదే పని. గుడ్లు 95 శాతం కన్నా తక్కువే తగ్గితే నట్టలు మందుకు లొంగడం లేదేమోనని అనుమానించాలి.

తప్పులు జరిగేవి ఇక్కడే. 30 కిలోల పొట్టేలుని కంటి అంచనాతో 20 కిలోలనుకుని మందు పోస్తే నట్టలు బతుకుతాయి, నింద మందు మీద పడుతుంది. అరకులో తీసిన శాంపిల్‌ని ఐస్ బాక్స్ లేకుండా విశాఖ ఉక్కలోకి తెస్తే మర్నాటికి గుడ్లు పొదిగి లెక్క దానంతటదే పడిపోతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచాలి, డీప్ ఫ్రీజర్‌లో పెడితే గుడ్లు చెడతాయి. జలగ గుడ్లు బరువు, ఉప్పునీటిలో తేలవు. మామూలు నీళ్లలో అడుక్కి దిగనిచ్చి చూడాలి. అది తెలియనివాళ్లు స్లైడు చూసి జలగల్లేవని రాసేస్తారు.

ఈ వాసన, ఈ లెక్కింపు ఆమెకి పడతాయో లేదో వేసవి సెలవుల్లోనే తేల్చుకోవచ్చు. దగ్గర్లోని పశువైద్యశాలలో డాక్టర్ గారిని అడిగి, పేడ పరీక్ష చేసేటప్పుడు మైక్రోస్కోప్‌లో చూడనివ్వమనండి.

ఉద్యోగాల మాటకొస్తే పశుసంవర్ధక శాఖ, వ్యాధి నిర్ధారణ ల్యాబులు, పశువుల మందుల కంపెనీలు, విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ) వంటి సంస్థల్లో శాస్త్రవేత్త కావాలంటే ఏఆర్ఎస్ (వ్యవసాయ పరిశోధన సర్వీసు) పరీక్ష రాయాలి.

ర్యాంకు అందకపోతే జువాలజీ దారి మూసుకుపోదు. అప్పుడు పిడుదుల జాతుల్ని గుర్తించడం, జలగల్ని మోసే నత్తల మీద పని ఎంచుకోమనండి. వాటికి పశువైద్య రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, జువాలజిస్టు పరిజ్ఞానం సరిగ్గా అక్కడే అవసరం.