డిక్కీలో అట్టపెట్టె ఉంటే పారేయకు

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు 1976 డాట్సన్ 280జెడ్ కొంటున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. తెనాలిలో తాతయ్య అంబాసిడర్ కింద దూరి నాకు స్పానర్లు అందించిన పిల్లాడివి కదా, భలే పొంగిపోయాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

"పాత కార్లకు స్మాగ్ టెస్టు ఉండదట కదా" అంది అక్క. నువ్వు చెప్పిన మాటే అయ్యుంటుంది. కాలిఫోర్నియాలో బండి పొగ పరీక్ష నుంచి ఆ మినహాయింపు 1975 మోడల్ దాకానేరా. తలుపు దగ్గర రేకు మీద తయారీ నెల 1975లోది ఉన్నా లాభం లేదు, మోడల్ సంవత్సరమే లెక్క.

"ఈ బండికి కంపెనీ నుంచే పొగ తగ్గించే సామానేదీ రాలేదు" అంటాడు అమ్మేవాడు. వాడికి అమ్మినవాడూ అలాగే చెప్పి ఉంటాడు. కొన్నిటికి నిజంగానే రాలేదు. 1975లో హోండా సివిక్ సీవీసీసీ కారు, పొగలో విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ లేకుండానే పాసైంది. అందుకని ఎవరి మాటా వినకు, బండినే అడుగు.

ముందు బానెట్ ఎత్తి, పొగ తగ్గించే సామాను వివరాలుండే ఎమిషన్ లేబుల్ వెతుకు. అది కాలిఫోర్నియాకు చేసిన బండో, మిగతా రాష్ట్రాలకు చేసిందో దాని మీదే ఉంటుంది. ఒకే ఏడాది మోడలైనా రెంటికీ ఒకే సామాను ఉండాలని లేదు. పెట్రోలు పోసేచోట 'అన్‌లెడెడ్ ఓన్లీ' (సీసం లేని పెట్రోలే) అన్న చీటీ, సన్నటి మూతి కనిపిస్తే కన్వర్టర్‌తో వచ్చిందేమో అని కింద కూడా చూడు. లేబుల్ చిరిగిపోతే, ఇలాంటివి చూసి తేల్చే స్మాగ్ రిఫరీ ఉన్నారు.

1994లో నేను కొన్న 1978 బండికి లేబుల్ లేదు. బానెట్ లోపలంతా నిగనిగలాడే కొత్త రంగు. అది చూసి మురిసిపోయానురా, దాని కిందే లేబుల్ పోయిందని తట్టలేదు. ఇంజన్ పొగ బయటికి వచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద వరసగా ఆరు బోల్టులు. చుట్టూ ఇనుమంతా ఎర్రగా తుప్పు, ఆ ఆరూ మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. పొగలోకి గాలి కొట్టే ఎయిర్ పంపు గొట్టాలు పీకేసి మూసిన రంధ్రాలవి. ఆ పంపూ, ఒక నల్లటి డబ్బా డిక్కీలో అట్టపెట్టెలోనే ఉన్నాయి. పాత తుక్కనుకుని నా చేతులతోనే చెత్తలో పడేశాను.

ఆ డబ్బాలో ఉండేది బొగ్గు. ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచుతుంది. అది లేక గొట్టం నోరు తెరిచి ఉంది. మా గరాజ్ ఇంటికి అతుక్కునే ఉండేది, అందులో గ్యాస్ వాటర్ హీటర్, రాత్రంతా చిన్న మంట. అప్పుడు మీ వదిన మీ అత్త కడుపులో ఉంది. "పెట్రోలు వాసన వస్తోందండీ" అని అత్త రెండు రాత్రులు చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు అన్ని వాసనలూ అలాగే అనిపిస్తాయిలే అన్నాను. మూడో రాత్రి మోకాళ్ళ మీద కూర్చుని ఆ గొట్టం దగ్గర ముక్కు పెడితే నాకే కళ్ళు తిరిగాయి. చీకట్లోనే బండిని వీధిలోకి తోసేశాను. తర్వాత టెస్టు చేసినాయన ఆ బోల్టులు చూసి రెండు నిమిషాల్లో ఫెయిల్ చేశాడు. ఏడాది పాటు తుక్కు యార్డులు తిరిగి మళ్ళీ అన్నీ కూర్చాను.

నీ బండికి మూసిన రంధ్రాలు, ఇంజన్ మీద వట్టి రేకు బిగించిన చోటు, ఏమీ పట్టుకోని క్లిప్పులు, గొట్టం లేని మూతులు ఉన్నాయేమో టార్చి వేసి ఫోటోలు పంపు. నేను వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకు. శనివారం శాక్రమెంటో నుంచి పొద్దున్నే బయల్దేరతాను, అత్త గోంగూర పచ్చడి కూడా కట్టిస్తోంది.

నీ అద్దె ఇంట్లో గరాజ్ గోడ అవతల ఏ గది ఉందో ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు.

మామయ్య