‘పాల్పడ్డాడు’ అనొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి కొర్లగుంట. మాతో టెన్త్ చదివినోడు పోయిన వారం ప్రాణం తీసుకున్నాడు. క్లాస్ వాట్సాప్‌లో ఒకడు ‘ఆత్మహత్యకు పాల్పడ్డాడు, పిరికోడు’ అని పెట్టినాడు, ఇంకోడు ఎట్ల చేసుకున్నాడో కూడా రాసేసినాడు, వాళ్ళ తమ్ముడు అదే గ్రూపులో ఉండాడు. నేనేం రాయాల?

జవాబు: ముందు ఆ ‘ఎట్ల’ మెసేజ్ తీసేయమని అడ్మిన్‌కి ఫోన్ చెయ్యి నాయనా, గ్రూపులో గొడవ పెట్టుకోవద్దు. తమ్ముడి సంగతి అటుంచితే అదే బాధలో ఉండి నోరు విప్పనోడు ఇంకొకడు చదవొచ్చు. ఇంక పాల్పడ్డాడు అనేది దొంగతనానికి, మోసానికి వాడే మాట, పేపర్లు చదివి చదివి మనకు నోటికొచ్చేసింది గానీ, ఇది అట్లాంటి నేరం కాదు, ఆత్మహత్యాప్రయత్నం చేసినోళ్ళు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే అనుకోవాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెప్తా ఉంది. ‘చనిపోయినాడు’ చాలు. ‘ఒక్క మాట చెప్పుంటే’ అని కూడా వద్దు, అది ఇంట్లోవాళ్ళకే తగులుతాది. తమ్ముడికి విడిగా ‘రేపు పొద్దున టిఫిన్ తీసుకొస్తా, మాట్లాడకపోయినా పర్లేదు’ అని పెట్టు. గ్రూపులో టెలి మానస్ (మనసు బాగలేనోళ్ళకు గవర్నమెంటు హెల్ప్‌లైన్) నంబర్ 14416 ఒకటి వెయ్యి, రాత్రయినా పగలైనా తెలుగులోనే మాట్లాడొచ్చు.