కంపెనీలో మహిళా డైరెక్టర్ తప్పనిసరి అంటే ఎండీ పదవి మహిళకే ఇవ్వాలనా?

కాదు, 2013 కంపెనీల చట్టం అడిగేది బోర్డులో కనీసం ఒక మహిళా డైరెక్టర్‌ని, అంతే. లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన) కంపెనీలకు, కనీసం 100 కోట్ల చెల్లించిన మూలధనం (వాటాదారులు షేర్లకు కట్టిన డబ్బు) లేదా కనీసం 300 కోట్ల టర్నోవర్ ఉన్న పబ్లిక్ కంపెనీలకు ఇది వర్తిస్తుంది. బోర్డుది ప్రధానంగా పర్యవేక్షణ: ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూర్చుని లెక్కలు, పెద్ద నిర్ణయాలు చూస్తుంది. రోజూ కంపెనీని నడిపే ఎండీ, సీఈఓ కుర్చీలకు ఏ కోటా లేదు. హిందుస్థాన్ యూనిలీవర్ బోర్డులో మహిళలు ఏళ్లుగా ఉన్నా, ఎండీగా తొలి మహిళ ప్రియా నాయర్ వచ్చింది 2025 ఆగస్టులో.

ప్రమోటర్ (కంపెనీని తన అదుపులో ఉంచుకునే యజమాని) భార్య పేరు పెట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చట్టం వరకు సరిపోతుంది కూడా! కానీ మార్కెట్ విలువలో తొలి 1000 లిస్టెడ్ కంపెనీలకు 2020 ఏప్రిల్ నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ స్వతంత్ర, అంటే ప్రమోటర్లతో సంబంధం లేని, మహిళా డైరెక్టర్‌నే అడుగుతోంది. అక్కడ ఇంటివాళ్లు చెల్లరు.