గోడల్లోని పాత వైర్లకే కొత్త కెమెరాలు

ప్రశ్న: మాస్టారూ, మా గ్రంథాలయంలో పన్నెండేళ్ల కిందట ఎనిమిది అనలాగ్ కెమెరాలు పెట్టించాం. ఎవరో వచ్చారని తెలుస్తుంది గానీ ముఖం ఆనదు. వైర్లన్నీ గోడల్లోపలి పైపుల్లో ఉన్నాయి. చూడ్డానికొచ్చిన టెక్నీషియన్ పాత వైర్లు పనికిరావు, అన్నీ పీకేసి నెట్‌వర్క్ కేబుల్ వేయాల్సిందే అన్నారు. గోడలు పగలగొట్టకుండా దారి లేదా?
- ఒక గ్రంథాలయ నిర్వాహకురాలు

జవాబు: ఉందమ్మా. గోడలో వైరు పాతదైనంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. దాన్ని పరీక్షించకుండా పనికిరాదనడం నాకు నచ్చదు.

మీ పాత కెమెరా బొమ్మ సాధారణంగా 720 అడ్డం, 576 నిలువు చుక్కలు, అంటే నాలుగు లక్షల పైచిలుకు. 1080పీ కెమెరాకు ఇరవై లక్షలు దాటతాయి. దాదాపు ఐదింతలు. ఈ బొమ్మ కూడా మీ గోడల్లో ఉన్న కోయాక్సియల్ వైరు (కేబుల్ టీవీకి వాడేలాంటి గుండ్రటి వైరు) మీదే నడుస్తుంది. సీవీఐ, టీవీఐ, ఏహెచ్‌డీ అనే మూడు పద్ధతులూ సరిగ్గా మీలాంటి వాళ్ల కోసమే వచ్చాయి. నెట్‌వర్క్ కేబుల్ అక్కర్లేదు.

ముందు కెమెరాలు కొనకండి, డీవీఆర్ (కెమెరాల బొమ్మను రికార్డు చేసే యంత్రం) కొనండి. ఈ మూడింటితో పాటు పాత అనలాగ్‌నూ తీసుకునే రకం అడగండి. అప్పుడు మీ పాత కెమెరాలు ఎనిమిదీ దాని మీదే నడుస్తుంటాయి, ఒక్కొక్కటే మార్చుకోవచ్చు. పెట్టె మీద 1080ఎన్ అని గానీ లైట్ అని గానీ ఉంటే ఆగండి. అది అడ్డంగా 960 చుక్కలే రికార్డు చేస్తుంది, సగానికి సగం. ముఖం కోసమే ఖర్చు పెడుతున్నారు కదా, అక్కడ రాజీ పడొద్దు.

ఆ తర్వాత కెమెరా ఒక్కటే కొనండి. నిచ్చెన వేసుకుని ఎనిమిది చోట్లా పాత కెమెరా విప్పి, దీన్నే తగిలించి చూడండి. ఏ వైరు మంచిదో, ఏది కాదో ఇలా తేలుతుంది. పగలు చేస్తుంటే కెమెరా ముందు భాగాన్ని చేత్తో మూసి, చీకట్లో చూడ్డానికి కెమెరాలోనే ఉండే రాత్రి దీపాలు వెలిగేదాకా ఆగి చూడండి. బొమ్మ నిలకడగా ఉంటే ఆ వైరు మీద చాక్‌పీసుతో టిక్కు పెట్టి తర్వాతి చోటికి వెళ్లండి.

ఈ పద్ధతి నాకు ఒక రెండంతస్తుల భవనం నేర్పింది. ఎనిమిది కొత్త కెమెరాలు ఒకే రోజు బిగించాను. పాత బొమ్మ బాగానే వచ్చింది కదా, వైరు బాగానే ఉంటుందనుకున్నాను. మూడింటిలో బొమ్మ నలుపు తెలుపైంది, అంచుల పక్కన నీడలు పడ్డాయి. రెండు రోజులు కెమెరాలనే అనుమానించి మార్చి మార్చి పెట్టాను. మూడో రోజు ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తితే, మధ్య తీగను మెలిపెట్టి టేపు చుట్టేసిన జాయింట్లు కనిపించాయి. పాత సిగ్నల్ తక్కువ ఫ్రీక్వెన్సీది, అలాంటి జాయింటును సర్దుకుపోతుంది. హెచ్‌డీ సిగ్నల్ సర్దుకోదు, ఆ చోట కొంత వెనక్కి కొట్టుకొస్తుంది. ముందు పోయేది రంగు. టేపు తీసేసి రెండు వైపులా క్రింపింగ్ చేసిన (నొక్కి బిగించిన) బీఎన్‌సీ కనెక్టర్లు, అంటే కెమెరా వైరు కొసకు వేసే లోహపు ప్లగ్గులు, వేసి కలిపాను, మూడూ తేటగా వచ్చాయి. తిప్పి బిగించే కనెక్టర్లు కూడా నాకు పడవు, కాలం గడిచేకొద్దీ వదులవుతాయి.

జాయింటు బాగున్నా బొమ్మ రాకపోతే వైరు కొస ఒలిచి, మధ్య తీగకు అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన రాగి పూత. కేబుల్ టీవీకి అది సరిపోతుంది, ఎందుకంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు తీగ పై పొరలోనే పారుతుంది. కెమెరా సిగ్నల్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి, అవి లోపలి ఇనుములోకి దిగి నీరసపడతాయి. దూరం ఎక్కువైన చోట అలాంటి వైరు ఒక్కటి మార్చండి. పాత వైరుకే కొత్తదాని కొస కట్టి లాగితే పైపులోంచి అదే వచ్చేస్తుంది, గోడ జోలికి పోనక్కర్లేదు.

ఇక రాత్రిపూట మాత్రమే కెమెరా ఆగి ఆగి వెలుగుతుంటే అది సిగ్నల్ తప్పు కాదు, కరెంటు. దీపాలు వెలిగాక కెమెరా ఎక్కువ లాగుతుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 40 మీటర్లు పోతే, అర ఆంపియరుకు 1.4 వోల్టుల దాకా దారిలోనే పోతుంది. రాగి పూత అల్యూమినియమైతే సుమారు 2. రాత్రి, కెమెరా తగిలించి ఉండగానే దాని దగ్గర మీటరు పెట్టి చూడండి. కెమెరాకు కావాల్సిన 12 వోల్టులకు బాగా దిగువన ఉంటే ఆ కెమెరాకు దగ్గర్లోనే వేరే అడాప్టర్ పెట్టించండి. ఉన్న సప్లైలో వోల్టేజీ పెంచడం మాత్రం వద్దు, పగలు లోడు తగ్గగానే అదంతా కెమెరా మీద పడుతుంది.

ఒక విషయంలో మీ టెక్నీషియన్ మాటకు బలముంది. మున్ముందు ఐపీ కెమెరాలే (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి) కావాలనుకుంటే నెట్‌వర్క్ కేబుల్ మేలు. అప్పుడు కూడా కోయాక్సియల్ మీదే నెట్‌వర్క్ నడిపే జంట కన్వర్టర్లు ఉన్నాయి, ప్రతి వైరుకూ చెరో చివర ఒకటి. మీ అవసరానికి ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం.

ప్రశ్న: కొత్త డీవీఆర్‌లో పాత 1 టీబీ హార్డ్ డిస్కే పెట్టుకోవచ్చా?
- అదే పాఠకురాలు

జవాబు: పెట్టొద్దమ్మా. ఒక్కో కెమెరాకు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) చొప్పున రోజుకు 21.6 జీబీ అవుతుంది. ఎనిమిదింటికి 173. ఆరు రోజులు కూడా నిండకుండానే పాత రికార్డింగు చెరిగిపోతుంది. పైగా పన్నెండేళ్లుగా రాత్రింబవళ్లు తిరిగిన డిస్కు అది. నెల రోజులు కావాలంటే 6 టీబీ, నిఘా కెమెరాల కోసం చేసిన రకం తీసుకోండి. పాతదాంట్లో దాచుకోవాల్సిన దృశ్యాలుంటే, పాత డీవీఆర్ విప్పకముందే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. కొత్త డీవీఆర్ ఆ డిస్కును ఫార్మాట్ చేయమని అడుగుతుంది, సరేనన్నారంటే అన్నీ పోతాయి.