యూనివర్సిటీ హెల్త్ సెంటర్ బిల్లింగ్ లెక్క బ్యాంకు లెక్కతో ఎందుకు కలవదు?

అమెరికా యూనివర్సిటీల్లో స్టూడెంట్ హెల్త్ సెంటర్‌కి డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది: కౌంటర్లో కార్డు, విద్యార్థి ఫీజు ఖాతాలో వేసే చార్జీ, ఇన్సూరెన్స్ చెల్లింపు. మూడూ కలిపి సరిచూస్తే తేడా ఎక్కడుందో దొరకదు. విడివిడిగా చూడండి.

కార్డులది తేలిక. సాయంత్రం మెషీన్ బ్యాచ్ (ఆ రోజు కార్డు చెల్లింపులన్నీ కలిపిన లెక్క) మొత్తాన్ని క్లినిక్ సాఫ్ట్‌వేర్ రోజు రిపోర్టుతో పోల్చండి. బ్యాంకులో జమ ఒకటి రెండు పనిదినాలు ఆలస్యంగా పడుతుంది కాబట్టి బ్యాచ్ తేదీతోనే జత చేయాలి.

ఫీజు ఖాతాకు పంపిన ఫైల్లో ఎన్ని లైన్లున్నాయి, అటు ఎన్ని ఎక్కాయి? చదువు మానేసినవాళ్లవి, ఐడీ తప్పుపడినవి వెనక్కి వస్తాయి. ఆ రిజెక్ట్ రిపోర్టు ఎవరూ తెరవకపోతే ఆదాయం పోయినట్టే. అన్నట్టు, వివరణలో పరీక్ష పేరు రాయకండి, ఆ బిల్లు ఇంట్లోవాళ్లు చూడొచ్చు. ‘హెల్త్ సర్వీస్ చార్జీ’ అంటే చాలు.

అసలు చిక్కు ఇన్సూరెన్స్‌ది. ఒకే జమలో చాలామంది క్లెయిములుంటాయి. ఏ క్లెయిముకు ఎంత ఇచ్చిందో చెప్తూ కంపెనీ పంపే ఎలక్ట్రానిక్ ఫైలే 835. అందులోని ట్రేస్ నంబరును, అంటే ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్యను, బ్యాంకు జమతో వచ్చిన నంబరుతో కలపండి. ఉదాహరణకు బిల్లు 180 డాలర్లు, ఇన్సూరెన్స్ కంపెనీతో కుదిరిన ఒప్పంద ధర 110, కంపెనీ ఇచ్చింది 88 అనుకుందాం. మిగిలిన 92లో 70 సీఓ-45 (ఒప్పంద ధరకు మించిన మొత్తం) కోడ్ కింద కొట్టేయాలి. పీఆర్-2 (కోఇన్సూరెన్స్, అంటే విద్యార్థి కట్టాల్సిన వాటా) కింద 22 మాత్రమే విద్యార్థి బాకీ. 92 మొత్తం విద్యార్థి మీద వేసేయడం పెద్ద తప్పు. నెట్‌వర్క్ ఒప్పందం దాన్ని ఒప్పుకోదు. పైగా కొత్తగా వచ్చిన విదేశీ విద్యార్థులు అడగకుండా కట్టేసే ప్రమాదం ఉంది.