మొక్కల నుంచి ప్లాస్టిక్ తయారు చేయదలచిన నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

యంత్రాలు, పెట్టుబడి సంగతి తర్వాత. నీవు చేయబోయే వస్తువు వాడకం ముగిశాక ఎక్కడికి చేరుతుందో ముందు తేల్చుకో. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన ప్లాస్టిక్ మట్టిలో కలిసిపోదు. చెరకు ఇథనాల్‌తో చేసిన పాలిథిన్‌కూ, పెట్రోలియం పాలిథిన్‌కూ అణు నిర్మాణం ఒకటే కనుక రెండూ ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి.

చాలామంది మొదట పీఎల్ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం) అనే ప్లాస్టిక్ వైపు చూస్తారు. మొక్కజొన్న, చెరకు చక్కెరలను పులియబెట్టి తీసిన లాక్టిక్ ఆమ్లంతో చేసే ఈ పదార్థం గట్టిగా, పారదర్శకంగా ఉంటుంది కానీ, దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడుతుంది. పారిశ్రామిక కంపోస్టులో 58 డిగ్రీల వేడి నిలిస్తే కొన్ని నెలల్లో విచ్ఛిన్నమవుతుంది. చల్లని నేలలోనూ సముద్రంలోనూ ఆ వేగం ఆశించకు. కరిగించే ముందు పీఎల్ఏ గుళికలను బాగా ఆరబెట్టకపోతే, మిగిలిన తేమ ఆ వేడిలో అణు గొలుసులను తెంచేస్తుంది.

చేయి తిరగడానికి మాత్రం స్టార్చ్‌తో మొదలుపెట్టమంటాను. బరువు లెక్కన 10 పాళ్ల స్టార్చ్‌కు 3 పాళ్ల గ్లిజరిన్, సుమారు 200 పాళ్ల నీరు కలిపి, అడుగంటకుండా తిప్పుతూ వేడి చేయి. పాలలా తెల్లగా ఉన్న ద్రవం 70 డిగ్రీలు దాటేసరికి గంజిలా చిక్కబడి, తెలుపు తగ్గి, అవతలి వెలుగు మసకగా కనిపించే స్థితికి వస్తుంది. అప్పుడు కూడా తొందరపడక, 90 డిగ్రీల దాకా తీసుకువెళ్లి, బుడగలు తేలిపోయాక పలచని రేకులా పోయాలి. ఎక్కువ వేడిలో ఆరబెడితే అంచులు ముడుచుకుని, నడుమ పగుళ్లు వస్తాయి. గ్లిజరిన్ పెంచితే రేకు బాగా వంగుతుంది, కానీ బలం తగ్గి జిగటగా మారుతుంది. ఎంత బాగా కుదిరినా, కొన్ని వారాలకు అణువులు మళ్లీ స్ఫటికంలా సర్దుకోవడంతో రేకు పెళుసుబారుతుంది కనుక, తొలి రోజు నమూనాను చూసి మురిసిపోకు.

స్టార్చ్‌కు తేమ పట్టకుండా పీఎల్ఏ లేదా పీబీఏటీ అనే మరో ప్లాస్టిక్ కలపవచ్చు. పీబీఏటీ సాధారణంగా పెట్రోలియం నుంచే వస్తుంది, అయినా సూక్ష్మజీవులు దానిని విచ్ఛిన్నం చేయగలవు. అయితే మిశ్రమం మారిన ప్రతిసారీ అది కంపోస్టులో ఎంత విచ్ఛిన్నమవుతుందో తేల్చే పరీక్ష కూడా మళ్లీ చేయించాల్సిందే. ముక్కలైపోవడం వేరు, సూక్ష్మజీవులకు ఆహారమైపోవడం వేరు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం పారిశ్రామిక కంపోస్టు పరిస్థితుల్లో 6 నెలల్లోపు 90 శాతం జీవవిచ్ఛిన్నం జరగాలి. 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడపై 10 శాతానికి మించి మిగలకూడదు. ఆ ఫలితం చేతికి వచ్చేదాకా నీ వస్తువుపై ‘కంపోస్టు అవుతుంది’ అని ముద్రించవద్దు.